పదిహేడు ముప్పావు

మొత్తం గంటలు రెండువందల పన్నెండు.
ఈ రకం హెలికాప్టర్ మీద తొమ్మిదీ ఇరవై.
సముద్రంలో రిగ్గులకు మనుషుల్ని మోసే కంపెనీ
యాభై అడిగింది. ఈ రకం మీదే.

గంటలుంటే ఉద్యోగం,
ఉద్యోగముంటే గంటలు.
పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు,
పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అని
నవ్వేది సత్తెమ్మత్త,
రెండు చీటీలు పాడి డబ్బు నా చేతిలో పెట్టిన మనిషి.
నాకు నవ్వొచ్చేది కాదు.
వడ్డీకి రాత్రిపూట ఎగరడం కూడా వచ్చు.

అప్పటిదాకా మధురపూడిలో నా పని
రిగ్గుకెళ్ళేవాళ్ళను కాటా మీద నిలబెట్టడం.
మనిషి డెబ్బై ఆరు, సంచి తొమ్మిది,
సంచిలో గుడ్డ చుట్టిన ఆవకాయ సీసా.
రాసి ఇచ్చేదాన్ని.
వాళ్ళు ఎగిరిపోయాక
నేనూ ఎక్కి చూసుకునేదాన్ని, ఊరికే.
యాభై ఏడు.

ఆగస్టులో గోదావరి లేచింది.
ధవళేశ్వరం దగ్గర పదకొండు ముప్పావు అడుగులన్నారు టీవీలో.
కెప్టెన్ కురువిళ్ల ఫోన్ చేశాడు.
"పల్లాలమ్మా, కలెక్టరాఫీసు మన మిషన్ అడిగేలా ఉంది.
రిగ్గుకి యాభై గంటలు కావాలి గానీ
వరదకి రేటింగ్ ఉంటే చాలు."

ఆ రాత్రి దణ్ణం పెట్టుకున్నాను.
ఏమని పెట్టుకున్నావని అడగొద్దు.
తెల్లారేసరికి పదమూడు ముప్పావు.
మూడోనాటికి పదిహేడు ముప్పావు,
మూడో హెచ్చరిక.

పైనుంచి చూస్తే
వశిష్ఠ ఏదో వైనతేయ ఏదో తెలీలేదు.
ఎర్రటి నీళ్ళ మీద కొబ్బరి తలలు,
ఎవరో చుక్కలు పెట్టి
ముగ్గు కలపకుండా లేచిపోయినట్టు.
అరటితోట లేదు, తమలపాదు లేదు.
ఒక డాబా మీద గేదె,
పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గొడుగేసుకుని ముసలాయన.
అందరూ చేతులూపారు, ఆయన ఊపలేదు.
వెనక నుంచి పులిహోర పొట్లాలు తోసేవాళ్ళు,
నీళ్ళ ప్యాకెట్లు, కొవ్వొత్తులు.
నా పని సూదుల్ని చూడటం.
కెప్టెన్ "నీ చేతిలో" అంటే
"నా చేతిలో" అని పట్టుకోవడం.

చీటీల నాగరత్నం ఇల్లు కప్పుదాకా మునిగింది.
ఆ పుస్తకం తడిసిపోయి ఉంటుందా అని
ఒక్క క్షణం ఆశపడ్డాను.
తడవలేదట.
పాలిథిన్ కవరు చుట్టి నడుముకి కట్టుకుందట.

రాత్రి లాగ్‌బుక్కు.
తేదీ, మిషను, ఎక్కణ్ణించి, ఎక్కడికి.
ఎక్కడికి అన్న గడిలో ఏం రాయను?
"స్థానికం అని రాయి" అన్నాడు కురువిళ్ల.
స్థానికం, మూడూ నలభై.
స్థానికం, నాలుగూ అయిదు.
స్థానికం.
రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను,
పేజీకి పన్నెండు ఖాళీలు.

పన్నెండో రోజు నీరు తీసింది.
గట్టు మీద జనం ఊపిరి పీల్చుకున్నారు.
నాకు నలభై తొమ్మిదీ ఇరవై.
ఇంకో నలభై నిమిషాలు తగ్గకుండా ఉంటే, అనుకున్నాను.
అనుకున్నానని ఇక్కడ రాస్తున్నాను,
అక్కడ గడి లేదు గనక.

ఆ నలభై కూడా దొరికాయి.
నష్టం చూడటానికి ఒక అధికారి వచ్చాడు.
వరిచేలల్లో ఇసుక మేటలు,
విరిగిన పందిరి గుంజలు,
ఆయన ఫోన్‌లో ఫొటోలు తీస్తూ
"ఇంకాస్త కిందికి" అన్నాడు.
కిందికి దిగాం. నలభై అయిదు నిమిషాలు.

ఇంటర్వ్యూలో ఒకాయన పేజీ తిప్పి
"ఆగస్టులో బాగా ఎగిరావే, అదృష్టవంతురాలివి" అన్నాడు.
ఔనండీ అన్నాను.

ఇప్పుడు నన్నూ కాటా మీద నిలబెడతారు.
కొత్త కుర్రాడు యాభై తొమ్మిదని రాస్తాడు.
సత్తెమ్మత్తకి ఇంకా పద్నాలుగు వాయిదాలు.

కుర్చీలో ఆ ముసలాయన
చెయ్యి ఎందుకు ఊపలేదో తెలీదు.
నా లెక్క ఆయనకెలా తెలుస్తుంది?
గొడుగు మాత్రం వెనక్కి తిరగబడింది
గాలికి,
మా గాలికే.